మందుపాతర - నవీన యుద్ధతంత్రము

'పాతర' రైతు మాట. ధాన్యమును బాగుగ ఎండబెట్టి, మెరకనేలలో గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పేర్చి, పైన మన్ను కప్పి కఱవునాటికి దాచుకొను గొయ్యికి పాతర యని పేరు. 'మందు' అనగా తెలుగున ఔషధమును అగును, తుపాకిమందును అగును. ఈ రెండు మాటలు జతకూడి ప్రాణము తీయు వస్తువునకు పేరైనవి. కడుపు నింపుటకు త్రవ్విన గొయ్యియు, కాలు తీయుటకు త్రవ్విన గొయ్యియు ఒకే పేరు మోయుట చూడ చిత్రమే. కాని యొక భేదము కలదు. ధాన్యపు పాతర పెట్టినవాడు దానిని మఱల త్రవ్వి తీయును. మందుపాతర పెట్టినవాడు దానిని మఱల తీయుట అరుదు. నేటి యుద్ధతంత్రమున ఈ ఆయుధము తెచ్చిపెట్టిన చిక్కంతయు ఈ భేదమునందే యున్నది.

వేలూరు, సత్తువాచారి, గుడియాత్తం ప్రాంతములలోని తెలుగువారికి ఈ విషయముతో ఏమి పని యని ఎవరైన అడుగవచ్చును. మన ప్రాంతము సైనికుల ప్రాంతము. 'సైనిక గ్రామము' అని పేరుపడిన కమ్మవాన్‌పేట వేలూరునకు దాపుననే కలదు. సరిహద్దుననున్న కొడుకు క్షేమసమాచారము కొఱకు ఎదురుచూచు తల్లిదండ్రులు మన వీథులలో పెక్కుచోట్ల ఉన్నారు. ఆ కొడుకు ఎట్టి నేలపై అడుగు వేయుచున్నాడో వారికి తెలిసియుండుట మంచిది.

మొదట మందుపాతర యనగా కోటగోడ క్రింద త్రవ్విన సొరంగమే. ముట్టడించువారు దూరమునుండి నేలలోపల దారి చేసికొనుచు వచ్చి, బురుజు పునాది క్రింద ఒక గది త్రవ్వి, అందు తుపాకిమందు నింపి, వత్తి అంటించి వెనుకకు పోవుదురు. బురుజు కూలినచోట సేన లోపలికి చొచ్చును. దీనికి తెలుగుదేశమున గొప్ప దృష్టాంతము 1687వ సంవత్సరపు గోలకొండ ముట్టడి. ఔరంగజేబు సేనలు నెలల తరబడి కోట చుట్టు విడిసియుండి, ఫిరంగులకు లొంగని గోడల క్రిందికి సొరంగములు త్రవ్వినవి. లోపలివారు చూచుచు ఊరకుండలేదు. తానాషా పక్షమువారు ఎదురు సొరంగములు త్రవ్వి, మొగలులు నింపిన మందులో కొంత తీసివేసి, మఱికొంతపై నీరు పోసిరి. ఆ యేటి జూన్ మాసమున వత్తి అంటించినప్పుడు ప్రేలుడు కోటవైపునకు పోక వెనుకకు తన్నెను. దాడికి సిద్ధముగ నిలిచిన మొగలు సైనికులే రాళ్ళక్రిందను మన్నుక్రిందను పడి పెద్దసంఖ్యలో మరణించిరి. సెప్టెంబరులో కోట పడినది మందువలన కాదు. రాత్రివేళ లోపలివాడొకడు తలుపు తీయుటవలన.

గోలకొండ కథలో ఇప్పటి విషయమునకు పనికివచ్చు సంగతి యొకటి కలదు. ఆనాటి పాతరకు ఒక మనిషి కాపు ఉండెను. వత్తి అతని చేతిలో నుండెను. ఎప్పుడు అంటింపవలెనో, అసలు అంటింపవలెనో వలదో అతడు చూచి నిర్ణయించెడివాడు. అతడు లేచిపోయినచో ఆ మందు మన్నుతో సమానము.

మన వేలూరు కోట ఈ సొరంగములకు ముందుగనే సమాధానము చెప్పుకొని కట్టిన కోట. కోట చుట్టునున్న కందకమును మనము నిత్యము చూచుచునే యున్నాము. సాయంకాలము గట్టున నిలుచువానికి అది చల్లగాలికై ఏర్పఱచినట్లుండును. ముట్టడి శాస్త్రము తెలిసినవానికి దాని ప్రయోజనము వేఱు. నీరు నిండిన వెడల్పైన కందకము క్రిందుగా సొరంగము త్రవ్వుట మిక్కిలి కష్టము. ఊటనీరు దిగి త్రవ్వువానిని ముంచును, మందును తడుపును. 1780లో హైదరాలీ కర్ణాటకముపై దండెత్తివచ్చి ఈ కోటను చుట్టుముట్టెను. కల్నల్ రాస్ లాంగ్ కోటను కాచెను. హైదరు దృష్టి ప్రధానముగ కోటకు తూర్పున కొండలపైనున్న చిన్న కోటలపైకి మరలెను. అవి చేజిక్కినచో పైనుండి క్రిందికోటను కొట్టవచ్చునని అతని యెత్తు. అదియు ఫలింపలేదు. 1782 వఱకు సాగిన ఆ ముట్టడిలో కోటలోనివారికి ఆకలియే శత్రువుకంటె ఎక్కువ బాధ కలిగించెను.

ఆ దినములలోనే మఱియొక సంగతి జరిగెను. 1780 సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురము దగ్గర పొల్లిలూరు వద్ద కల్నల్ బెయిలీ సేన మైసూరు సేనల చేతిలో నాశమయ్యెను. అదే నెల 30వ తేదీన మద్రాసులో 'మద్రాసు పయనీర్లు' అను రెండు దళములు ఏర్పడెను. దారి వేయుట, వంతెన కట్టుట, గోడ పడగొట్టుట, సొరంగము త్రవ్వుట వారి పని. అవియే పెరిగి 'మద్రాసు శాపర్లు' అయినవి. నేడు వారి కేంద్రస్థానము బెంగళూరు. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ యువకులు అందు కలిసి పనిచేయుదురు. సైన్యమంతట వారిని 'తంబి' యని ముద్దుగ పిలుతురు. మందుపాతర పెట్టవలసినను, తీయవలసినను పిలుపు వచ్చునది ఇట్టి వారికే.

ఇక పాతర స్వభావము మాఱిన ఘట్టమునకు వత్తము. 1862లో అమెరికా అంతర్యుద్ధమున దక్షిణపక్షపు సేనాని గేబ్రియల్ రెయిన్స్ యార్క్‌టౌన్ నుండి వెనుదిరుగుచు, దారిలో ఫిరంగిగుండ్లను పాతి, పైన అడుగు పడినంతనే ప్రేలునట్లు అమర్చెను. వత్తి పట్టుకొను మనిషి అక్కఱలేకపోయెను. చచ్చువాడే తన చావునకు వత్తి అంటించుకొనును. ఇది యుద్ధధర్మము కాదని ఆక్షేపించినవారిలో అతని పక్షముననే యున్న లాంగ్‌స్ట్రీట్ సేనాపతియు ఒకడు. కొలదికాలములోనే ఆ యాక్షేపణ మూలబడెను. పనికివచ్చు ఆయుధమును ధర్మసందేహము ఎంతకాలమో ఆపిన దాఖలా చరిత్రలో తక్కువ.

గుడియాత్తం అగ్గిపెట్టెలకు పేరుపొందిన ఊరు గనుక ఇందలి కీలకము మనవారికి సులభముగ బోధపడును. పుల్ల తల యొకచోట, గీయు పూత యొకచోట ఉన్నంతవఱకు భయములేదు; రెండింటికి రాపిడి కలిగినప్పుడే నిప్పు. పాతరలోను లోనిది మొద్దుమందు. నిప్పులో పడవేసినను కొన్ని రకములు కాలునేగాని ప్రేలవు. దానిని మేల్కొల్పునది చిటికెడంత సున్నితపుమందు. ఒత్తిడికి ఒక సన్నని మొన దిగి ఆ చిటికెడు మందును పొడుచును. మనుష్యులకై పెట్టు పాతర అయిదు మొదలు పదునైదు కిలోల ఒత్తిడికే ప్రేలును. అనగా నడక నేర్చిన బిడ్డ బరువు చాలును. టాంకులకై పెట్టునది నూఱు కిలోలకు పైబడిన బరువు పడినగాని కదలదు. అది మనిషిని దాటనిచ్చి బండిని పట్టును.

చిన్న పాతరను చేయువారు మనిషిని చంపవలెనని చేయలేదు. ఇది వినుటకు వింతగ నుండును. చచ్చిన సైనికుని అచటనే విడిచి ముందునకు పోవచ్చును. పాదము పోయినవానిని మోయుటకు నలుగురు కావలెను, వైద్యుడు కావలెను, బండి కావలెను. వాని కేక విన్నవారి గుండె ముందునకు సాగదు. ఒక్క పాదముతో పదిమందిని ఆపు లెక్క యిది. ప్రేలుడుతో మన్ను, బూటు ముక్కలు, గడ్డి మాంసములోనికి పైపైకి దూసికొనిపోవును. అందుచేత గాయము పాదమున నున్నను వైద్యులు మోకాటివఱకు, ఒక్కొక్కప్పుడు ఇంకను పైకి తీసివేయవలసివచ్చును.

యుద్ధతంత్రమున పాతరపొలము యొక్క పని గోడ పని కాదు, జాప్యము పని. శత్రువును నిలువరించి, అతడు దారి వెదకుకొను నంతలో ఫిరంగులతో కొట్టుట. లేదా అతనిని తాము కోరిన ఇఱుకుదారిలోనికి తోలుట. కాపులేని పాతరపొలము నిజముగ అడ్డంకి కాదని సైనికశాస్త్రజ్ఞులందఱు చెప్పుదురు. శత్రువు తీఱికగ కూర్చుండి ఏఱివేయును. అనగా పాతర తన సైనికధర్మమును నెఱవేర్చునది కాపు ఉన్నంతవఱకే. కాపు లేచిపోయిన పిమ్మట మిగులునది హింస మాత్రమే. దానికి లక్ష్యము లేదు.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ విద్య పరాకాష్ఠ నందెను. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ ఎడారిలో జర్మను సేనాని రోమెల్ సుమారు నాలుగున్నర లక్షల పాతరలు పెట్టించెను. జర్మనులు వానిని 'సైతాను తోటలు' అని పిలిచిరి. ఎదురుపక్షమున బ్రిటిషు సేనలతోపాటు మన నాల్గవ భారత డివిజను కూడ నుండెను. లోహమును పసికట్టు యంత్రమును పోలండు అధికారి కొసాత్స్కీ అంతకు కొలదినాళ్ళ ముందే నిర్మించియుండెను. అట్టివి కొన్ని వందలు ఆ యుద్ధమునకు అందెను. చాలనిచోట సైనికులు ప్రాకుచు, తుపాకికత్తితో నేలను ఏటవాలుగ గ్రుచ్చి చూచుకొనుచు, తెల్లటి పట్టీ పఱచి దారి గుర్తించిరి. టాంకులు ఆ పట్టీల నడుమ సాగవలసియుండెను. యంత్రములు ఎన్ని వచ్చినను ఈనాటికిని చివరి మాట ఆ కత్తిమొనదే. ఈ విషయమున విజ్ఞానశాస్త్రము దాడి పక్షమున పరుగెత్తినంత వేగముగ రక్షణ పక్షమున నడువలేదు.

మద్రాసు శాపర్లలో సుబేదారు సుబ్రహ్మణ్యన్ కథ ఇక్కడ చెప్పవలసినది. ఈయన తమిళనాటివాడు. 1944లో ఇటలీలోని మిగ్నానో దగ్గర పాతరలు తీయు జట్టునకు ముందు నడచుచుండెను. వెనుక వచ్చుచున్న సైనికుని కాలు ఒక పాతరపై పడెను. అది ఎగిరి ప్రేలు జాతి. త్రొక్కిన పిదప సుమారు నాలుగు సెకండ్లు ఊరకుండి, నడుమెత్తు లేచి, మూడువందలకు పైగా ఉక్కుగుండ్లను నలువైపుల చిమ్మును. ఆ నాలుగు సెకండ్లలో పరుగెత్తి నేలపై పడుకొన్నవాడు బ్రదుకవచ్చును. ఆ చప్పుడేమిటో సుబ్రహ్మణ్యన్‌నకు తెలియును. ఆయన పరుగెత్తినది పాతరవైపునకు. దానిపై బోరగిల పడి, ప్రేలుడునంతయు తన మేనిలోనికి తీసికొని, జట్టులోని తక్కినవారిని కాచెను. మరణానంతరము ఆయనకు జార్జి క్రాసు పతకము నిచ్చిరి; భారతీయ సైనికులలో ఆ పతకమునందిన మొదటివాడు ఆయనయే. నాలుగు సెకండ్లు ఎంత యనుకొనువారు ఒకటి, రెండు అని నాలుగువఱకు లెక్కించి చూడవచ్చును. తలంచుటకు మొదటి సెకండు పోవును.

యుద్ధములు ముగిసినను పాతరలకు ఆ సంగతి చేరలేదు. ఒక పాతరను చేయుటకు కొలది డాలర్లు చాలును. దానిని వెదకి తీయుటకు వందల డాలర్లు. కాంబోడియాలో, అంగోలాలో, ఆఫ్‌ఘనిస్తానములో నాగలి పట్టినవారు, మేకలు కాయు పిల్లలు దశాబ్దముల తరబడి కాళ్ళు పోగొట్టుకొనిరి. ఫాక్‌లాండు దీవులలో 1982 యుద్ధపు పాతరలు 2020 వఱకు ఉండెను. అచటి పెంగ్విన్ పక్షులు తేలిక గనుక పాతరలపై నడచినను ప్రమాదము లేక, మనుష్యులు రాని చోట హాయిగ గ్రుడ్లు పెట్టుకొనినవి. పాతరవలన మేలు పొందిన ప్రాణి అదియొక్కటియే కావచ్చును.

మన దేశపు అనుభవము కూడ తక్కువది కాదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగిన పిదప 'ఆపరేషన్ పరాక్రమ్' పేరిట సేనలు పడమటి సరిహద్దునకు కదలెను. పంజాబు, రాజస్థాన్, జమ్ము పొలములలో లక్షలాది పాతరలు పెట్టిరి. యుద్ధము జరుగలేదు. కాని పెట్టునప్పుడును తీయునప్పుడును మన సైనికులే పెక్కుమంది బలియైరి. ఇసుక కదలినచోట, వాననీరు పాఱినచోట పాతరలు పటములో గుర్తించిన తావును విడిచి జరిగిపోయినవి. రైతులకు పంటలు పోయెను. శత్రువు ఒక్క అడుగు వేయకయే ఇంత నష్టము కలిగిన యాయుధమును గుఱించి సైనికదృష్టితోనే మఱల ఆలోచింపవలసి యున్నది. కరుణను ప్రక్కకు పెట్టి లెక్కవేసినను ఫలితము అదియే.

1997 డిసెంబరులో కెనడాలోని ఒట్టావాలో, మనుష్యులపై ప్రయోగించు పాతరలను నిషేధించు ఒడంబడికపై దేశములు సంతకములు చేసినవి. అది 1999 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చెను. దానికై పాటుపడిన ఉద్యమమునకును, జోడీ విలియమ్స్‌నకును 1997 నోబెల్ శాంతి బహుమానము లభించెను. భారతదేశము, పాకిస్తానము, చైనా, రష్యా, అమెరికా అందు చేరలేదు. దీర్ఘమైన సరిహద్దులను కాచుకొనవలసిన దేశమునకు బదులు ఆయుధము దొరకకముందే ఉన్నదానిని విడుచుట తగదని మన ప్రభుత్వవాదము. ఐనను పాతరల ఎగుమతిని భారతదేశము మానుకొన్నది. యంత్రమునకు దొరకునట్లు ప్రతి పాతరలోను కనీసము ఎనిమిది గ్రాముల ఇనుము ఉండవలెనను 1996 నాటి నియమపత్రమునకు కట్టుబడియున్నది. ఈ వాదమును తేలికగ త్రోసివేయలేము. 2023 వేసవిలో ఉక్రెయిన్ సేనలు జపోరిజ్జియా దిక్కున జరిపిన ప్రతిదాడి రష్యా పెట్టిన పాతరపొలముల ముందు నిలిచిపోయెను. పాశ్చాత్యదేశములు ఇచ్చిన గొప్ప టాంకులు వరుసగ చిక్కుకొనినవి. అది చూచి 2025లో ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా, ఫిన్లాండు, పోలండు ఒడంబడిక నుండి తొలగుటకు నిర్ణయించినవి. పాతరకాలము ముగిసినదని తలచినవారికి ఇది నిరాశ కలిగించినది. నా మట్టుకు తోచునదేమనగా, భయపడిన దేశము ఒడంబడికను చూడదు, సరిహద్దును చూచును.

దేశములు సంతకము చేయు పత్రములకు లోబడని పాతరలు కూడ కలవు. అవి తెలుగునేలపై మనకు దగ్గరగనే ప్రేలినవి. 2000 మార్చి 7న హైదరాబాదు దగ్గర ఘట్‌కేసర్ వద్ద మంత్రి మాధవరెడ్డి పీపుల్స్‌వార్ పెట్టిన మందుపాతరకు బలియయ్యెను. 2003 అక్టోబరు 1న తిరుపతిలో అలిపిరి వద్ద ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కారును క్లేమోరు పాతరలతో పేల్చిరి. బ్రహ్మోత్సవములకు కొండకు పోవుచున్న ఆయన గాయములతో బయటపడెను. అలిపిరి మన వేలూరునకు నూఱు కిలోమీటర్ల దూరమే. సత్తువాచారి నుండి తిరుమలకు పోవు యాత్రికుల దారియే అది. ఈ పాతరలు ఒకవిధముగ గోలకొండ కాలపు జాతికి చెందినవి: తీగ చివరను మనిషి యుండి, చూచి పేల్చును. దీనికి పోలీసువారు కనిపెట్టిన మందు బహు సామాన్యమైనది. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళమువారు అడవిలో బండ్లెక్కుట మాని కాలినడకన, బాటలు విడిచి నడచిరి. మందు తట్టుకొను బండ్లు కూడ వచ్చెనుగాని, బండి బరువెక్కినకొలది పాతరలోని మందును పెరిగెను.

పోలీసువారు నడక మొదలుపెట్టగా అడవిలో త్రొక్కుడు పాతరలు పెరిగెను. అనగా 1862 నాటి మార్పే మఱల జరిగెను. 2025 ఏప్రిలులో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కఱ్ఱెగుట్టలపై తాము బాంబులు పెట్టితిమి గనుక ఎవ్వరును రావలదని మావోయిస్టులే గిరిజనులకు లేఖద్వారా హెచ్చరించిరి. ములుగు జిల్లా అడవులలో కట్టెలకు పోయినవారు అంతకుముందే బలియైయుండిరి. వేసవిలో తునికాకు కోయువారికి కాలిబాట తప్ప వేఱుదారి లేదు; వారి యేటి రాబడిలో ముఖ్యభాగము ఆ కొద్దివారములలోనిదే. గుడియాత్తం, పేర్నంబట్టు ఇండ్లలో ఆడవారు చుట్టు బీడీ ఆకు అట్టి అడవులనుండియే వచ్చును. చేట ముందు కూర్చుండి ఆకు కత్తిరించు మన చెల్లెండ్రకు, వంగి ఆ ఆకు కోసిన చేతులకు నడుమనున్న దారి యిది.

కాలు పోయినవానికి పిదప జరుగు సంగతిని గుఱించి వేలూరువారికి కొంత తెలియును. 1954లో రోడ్డుప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీసు, చక్రాలకుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసి, పైచదువు చదివివచ్చి, ఇచ్చటి క్రైస్తవ వైద్యకళాశాల పక్షమున 1966లో బాగాయంలో పునరావాస కేంద్రమును ప్రారంభించెను. నడువలేనివారికి జీవితము మఱల నేర్పుటకు వారిని లోపల ఉంచుకొని చికిత్స చేయు సంస్థలలో మన దేశమున అది మొదటిది. అదే దశాబ్దపు చివర జయపురములో రామచంద్రశర్మ యను శిల్పియు, డాక్టరు పి. కె. సేథీయు కలిసి రబ్బరు పాదమును తయారుచేసిరి. దానితో బూటు లేకయే పొలములో నడువవచ్చును, గొంతుకూర్చుండవచ్చును. ఆఫ్‌ఘనిస్తానములోను కాంబోడియాలోను పాతరలకు కాళ్ళు పోగొట్టుకొన్నవారికి ఆ పాదము చేరినది.

పెద్దవానికి పెట్టిన కృత్రిమపాదము కొన్ని యేండ్లు వచ్చును. ఎదుగు పిల్లవానికి రమారమి ఆఱు నెలలకొకసారి మార్చవలెను. మోడులో ఎముక పెరుగుచు చర్మమును ఒత్తుచుండుటచే మధ్యమధ్య శస్త్రచికిత్సయు అవసరము పడవచ్చును. పదేండ్ల ప్రాయమున కాలు పోయిన పిల్లవాడు యుక్తవయస్సు వచ్చునప్పటికి పది పదునైదు పాదములు మార్చును. ప్రతిసారి వానిని ఎత్తుకొని లేక బండినెక్కించి ఊరినుండి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ దినపు కూలి తల్లికో తండ్రికో పోవును.